కౌంటరు ముఖం

2022లో నా పదవీ విరమణ సభ జరిగింది. శాలువా కప్పారు, వెండిపూత పూసిన గణపతి బొమ్మ ఇచ్చారు. మాట్లాడినవాళ్ళందరూ ముందే కూడబలుక్కున్నట్టు ఒకే మాట అన్నారు: "ముప్పై ఏడేళ్ళ సర్వీసులో ఈవిడకి కోపం రావడం మేమెవరం చూడలేదు." వెనక వరసలో కూర్చున్న మా అమ్మాయి ఫక్కున నవ్వింది. పక్కవాళ్ళు తిరిగి చూశారు. నేనూ చూశాను.

ఇంటికొచ్చాక పూలదండ పక్కనపెట్టి అడిగాను, "ఎందుకే అలా నవ్వావు?" అని.

"మరి నవ్వు రాదా అమ్మా? వాళ్ళు చూడని మనిషిని మేం రోజూ చూశాం కదా" అంది.

అది దెప్పుతూ అన్న మాట కాదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏడేళ్ళపాటు నేను దాచిన కోపం ఎక్కడికి పోయిందో ఆ నవ్వు నాకు లెక్క చెప్పింది. బ్యాంకులో పనిచేసినదాన్ని కదా, ఒకచోట ఖర్చు రాయకపోతే ఇంకోచోట తేలి తీరుతుందని నాకు తెలియకపోవడమేమిటి?

నేను 1985లో బ్యాంకులో చేరాను. మొదట గంజాం జిల్లాలోనే ఒక చిన్న ఊరి శాఖ, తరవాత బరంపురం. పేర్లు ఎందుకు లెండి. ఏ బ్యాంకయినా కౌంటరు కౌంటరే. కటకటాల వెనక కుర్చీ, ఎదురుగా మనుషుల వరస, చేతిలో ఇత్తడి టోకెన్లు, వేళ్ళకు నోట్ల మురికి. ఆ వరసలో ఎవరు ఉండేవారు కారు! ఆస్కా, పోలసర వైపు పల్లెలనుంచి, కొడుకు సూరత్ మగ్గాలమీద సంపాదించి పంపిన డబ్బు వచ్చిందో లేదో కనుక్కోవడానికి వచ్చిన తల్లులు. పట్టుచీరల నేతగాళ్ళు. అప్పడాల వ్యాపారులు. గోపాలపూర్ రేవువైపునుంచి చేపలమ్మే ఆడవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాగితంమీద ఇంగ్లీషు, పై అధికారి తనిఖీకి వస్తే హిందీ. నాలుగు భాషలూ వచ్చు. కాని కోపం మాత్రం ఒక్క తెలుగులోనే వచ్చేది. అదే చిక్కు.

ఈ ఊరి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మా తాతగారి కాలానికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురం ఇటు, శ్రీకాకుళం అటు అయ్యాయి. మా బంధువుల్లో సగంమంది ఇచ్ఛాపురం అవతల ఉండిపోయారు, మేము ఇవతల ఉండిపోయాం. ఇవతల ఉన్నందుకు మాకు ఏ లోటూ జరగలేదు. మా పొరుగువాళ్ళు మా ఇంటి గుమ్మడి వడియాలు తిన్నారు, మేము వాళ్ళింటి పిఠాలు తిన్నాం. కాని ఎక్కువమంది మాట్లాడే భాష మనది కానిచోట మనిషికి ఒక అలవాటు పట్టుబడుతుంది. నోరు తెరిచేముందు ఎదుటివాడి ముఖం చూడడం. నేను బ్యాంకులో చేరిన కొత్తలో, నేనూ ఇంకో తెలుగు అమ్మాయీ టీ తాగుతూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటుంటే ఒక అధికారి వచ్చి, "మా గురించేనా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేమూ నవ్వుతూనే లేచిపోయాం. ఆనాటినుంచి ఆఫీసులో తెలుగు నా టిఫిను డబ్బాలోనే ఉండిపోయింది. మూత తీస్తే వాసన వస్తుందేమో అని భయం.

అలాగ, ముందు మాట దాచడం నేర్చుకున్నాను. తరవాత ముఖం దాచడం నేర్చుకున్నాను. దాన్ని మా ఇంట్లో 'కౌంటరు ముఖం' అనేవారు. పెదవులు కొద్దిగా సాగి ఉంటాయి, కళ్ళు మాత్రం నోట్లు లెక్కపెడుతూ ఉంటాయి. సంతకం కలవలేదన్నందుకు ఒకాయన పాసుబుక్కు నా ముఖంమీదికి విసిరితే వంగి తీసి, దులిపి, ఇచ్చాను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా పెరటి కొబ్బరిచెట్టు కూలి గోడమీద పడింది. దాన్ని తీయించకుండానే వెళ్ళి కౌంటరులో కూర్చుని, ఇల్లు పోయినవాళ్ళకి అదే ముఖంతో ఫారాలు అందించాను.

ఇక మా అమ్మాయి మరచిపోని రోజు ఒకటుంది. 1994. ఆరోజు సాయంత్రం లెక్క చూసుకుంటే నా నగదులో ఐదువందలు తక్కువ వచ్చాయి. ఎవరికో ఎక్కువ ఇచ్చేశాను. తక్కువ వస్తే మేమే కట్టుకోవాలి, కట్టాను. దానికి బాధలేదు. కాని మా పై అధికారి పదిమంది ఖాతాదారుల ఎదుట, "ఇంట్లో వంట చేసుకోక ఎందుకొస్తారు మీరంతా" అన్నాడు. నేను "సారీ సార్" అన్నాను. కౌంటరు ముఖంతోనే అన్నాను. రిక్షాలో ఇంటిదాకా ఆ ముఖం అలాగే ఉంది. గడప దాటాను. ఆరేళ్ళ పిల్ల ఎదురొచ్చి, గ్లాసెడు పాలు నా చీరమీద ఒలకబోసింది. చెంప పగిలేట్టు కొట్టాను.

పిల్ల ఏడవలేదు. గోడకు ఆనుకుని, చెంపమీద చెయ్యి పెట్టుకుని అడిగింది: "అమ్మా, బ్యాంకులో వాళ్ళతో మాట్లాడతావే, అలాగ నాతో మాట్లాడవా?"

సెలవురోజుల్లో బడి లేకపోతే దాన్ని బ్యాంకుకు తీసుకుపోయి వెనక బల్లమీద కూర్చోబెట్టేదాన్ని. అక్కడ చూసిందన్నమాట. తల్లిలోని మంచితనమంతా ఊరివాళ్ళకు పోయి, తమకు మిగిలింది ఇదీ అని ఆ పసిదానికి అర్థమైంది. పాఠకులలో ఉద్యోగం చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆడవాళ్ళే కానక్కరలేదు, ఈ మాట మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. అనకపోతే అనుకునే ఉంటారు.

శరీరం కూడా తన లెక్క తాను రాసుకుంది. పొద్దున్న లేచేసరికి దవడలు నొప్పి. పళ్ళ డాక్టరు చూసి, "రాత్రి నిద్రలో పళ్ళు కొరుకుతున్నారు, అరిగిపోయాయి" అన్నాడు. పగలు కొరకలేనివాళ్ళు రాత్రి కొరుకుతారు కాబోలు. తరవాత రక్తపోటు. ఆ డాక్టరుగారు, "ఏమైనా టెన్షన్లు ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. "అబ్బే, ఏమీ లేవండీ" అన్నాను. ఏ ముఖంతో అన్నానో మీకు తెలుసు. మందు రాయించుకోవడానికి వెళ్ళి, జబ్బును కూడా ఖాతాదారులా పలకరించి పంపేశాను.

అన్నిటికన్న పెద్ద పరీక్ష 2016లో వచ్చింది. నవంబరు 8 రాత్రి ఐదువందల, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. తొమ్మిదిన బ్యాంకులు మూత. పదినుంచి మొదలు. శని ఆదివారాలు కూడా పనిచేశాం. మనిషికి నాలుగువేలు మార్చవచ్చన్నారు, తరవాత నాలుగువేల ఐదువందలన్నారు, 18నుంచి రెండువేలే అన్నారు, మధ్యలో వేలికి సిరా రాయమన్నారు. 24తో కౌంటరులో మార్పిడి ఆగిపోయింది, ఇక ఖాతాలో వేసుకోవలసిందే అన్నారు. ఏ రోజు నియమం ఆరోజు పొద్దున్న చదువుకుని, ఎదుట నిలబడ్డవాళ్ళకు నవ్వుతూ చెప్పడం మా పని. నియమాలు పెట్టినవాళ్ళు ఎక్కడో ఉన్నారు. తిట్లకు దగ్గరగా ఉన్నది మేము.

25వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం ఒక ముసలమ్మ నా ఎదుటికి వచ్చింది. కొంగుముడి విప్పి తొమ్మిది ఐదువందల నోట్లు బల్లమీద పెట్టింది. చేపల వాసన వేస్తున్నాయి. వచ్చీరాని ఒడియాలో మార్చమంది. నేను ఒడియాలోనే, నిన్నటితో అయిపోయింది, ఖాతా ఉంటే వేసుకో అన్నాను. ఖాతా లేదు. అప్పటికి అదేమాట ఎంతమందికి చెప్పానో! ముఖం దానంతట అదే నవ్వుతోంది. ముసలమ్మ నోట్లకేసి చూసింది, నాకేసి చూసింది. తనలో తాను గొణుక్కున్నట్టు తెలుగులో అంది:

"నా సొమ్ము సెల్లదని నవ్వుతా సెప్తందేటి ఈయమ్మ."

నాకు కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టయింది. రేవు తెలుగు అది. ఒడియావాళ్ళు నోలియాలంటారే, ఆ మనుషులు. ఆ నవ్వు ఆమెను గౌరవించడానికని మాకు నేర్పారు. ఆమెకు మాత్రం అది ఎగతాళిగా కనబడింది. కనబడదూ మరి? కష్టంలో ఉన్న మనిషి ముందు నవ్వే ముఖం ఏం ముఖం?

కౌంటరులో బోర్డు తిప్పి లేచాను. వెనక వరస గోలచేస్తోంది. వరండా మెట్లమీద కూలబడి ఉంది ముసలమ్మ. పక్కన కూర్చున్నాను. "అమ్మా, నాకూ ఏడుపే వస్తోంది, నవ్వు కాదు. అలా ఉండమంటారు, ఉంటాం" అన్నాను తెలుగులో. అన్నాక నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. అంతమంది చూస్తుండగా! ఆమె నా చెయ్యి పట్టుకుని, "నువ్వు తెలుగుదానివేటి? ముందే సెప్పవేటి?" అంది. అప్పటికి దానికి నా దగ్గర జవాబు లేదు. మరునాడు నాలుగో శనివారం, ఆపైన ఆదివారం, రెండురోజులూ సెలవు. వచ్చేవారం ఆధారు కార్డుతో మనవణ్ణి వెంటబెట్టుకు రమ్మన్నాను. వచ్చింది. ఖాతా తెరిచి ఆ నాలుగువేల ఐదువందలూ జమచేశాం. డిసెంబరు 30దాకా గడువుంది కనక సరిపోయింది.

నేను సీటు వదిలి వెళ్ళినందుకు సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. విచిత్రమేమిటంటే, ఆ రాత్రి నా దవడలు నొప్పెట్టలేదు.

విరమణ తరవాత తీరికగా చదువుకుంటే, నేనొక్కదాన్నే కాదని తెలిసింది. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1983లోనే 'ది మేనేజ్డ్ హార్ట్' అని ఒక పుస్తకం రాసింది. విమానాల్లో పనిచేసే అమ్మాయిలు నవ్వాలి, బాకీలు వసూలుచేసే గుమాస్తాలు బెదిరించాలి. ఇద్దరూ జీతానికి తమ మనసునే అద్దెకిస్తున్నారు అంటుంది. దానికి 'భావశ్రమ' అని పేరుపెట్టింది. బస్తా మోసినవాడికి వీపు నొప్పిపుడితే అందరూ ఒప్పుకుంటారు. నవ్వు మోసినవాళ్ళకు ఎక్కడ నొప్పిపుడుతుందో ఎవరూ అడగరు. జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు ప్రయోగాలు చేసి, ముఖాన కనబడకుండా దాచినంతమాత్రాన లోపలి బాధ తగ్గదనీ, శరీరం మరింత బిగుసుకుంటుందనీ తేల్చారు. 2003లో వాళ్ళు ప్రకటించిన ఒక ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. భావాలు దాచేవాళ్ళతో కూర్చుని మాట్లాడిన ఎదుటివాళ్ళకు కూడా రక్తపోటు పెరిగిందట. అది చదవగానే నాకు వరండా మెట్లమీద ముసలమ్మ కనబడింది.

కాని నాకు అసలు జవాబు దొరికింది మా నాన్నగారి దగ్గర. ఆయన తెలుగు పండితులు. చిన్నప్పుడు రాత్రి భోజనాలయ్యాక నాట్యశాస్త్రంలోని ముప్పై మూడు వ్యభిచారి భావాలు మాచేత వల్లె వేయించేవారు. అర్థం తెలియకుండా వల్లించినవి. మొన్న ఆయన పాత నోటుబుక్కు తీస్తే అందులో కనబడింది, అవహిత్థం. అంటే ఆకారాన్ని దాచడం, మనసులోనిది ముఖాన తెలియనివ్వకపోవడం. సిగ్గువల్ల, భయంవల్ల, అపజయంవల్ల, గౌరవంవల్ల, కపటంవల్ల పుడుతుందని చెప్పారు. నా ఉద్యోగమంతా ఒక్క మాటలో ఉంది!

దానికింద నాన్నగారు తన మాటగా రాసుకున్నారు: 'ఇది సంచారి. వచ్చిపోవాలి. నిలిస్తే రసం చెడుతుంది.'

వ్యభిచారి భావాలకే సంచారి భావాలని ఇంకో పేరు. సముద్రంలో అలల్లాగ లేచి అణగవలసినవి. మనం చేసిన తప్పు దాచడం కాదు. దాచకపోతే లోకం నడవదు. రోగి ముందు నర్సు ఏడిస్తే రోగి ఏమైపోవాలి? గౌరవంతో కాసేపు దాచుకోవడం సంస్కారమే. భయంతో రోజంతా, ఏళ్ళతరబడి దాచడం వేరు. సంచారిగా ఉండవలసినదాన్ని తెచ్చి స్థాయిభావం పీటమీద కూర్చోబెట్టాం.

మన గంజాం ప్రహ్లాద నాటకం చూసినవాళ్ళకు ఇది సులువుగా బోధపడుతుంది. నరసింహుడి ముసుగుకు పూజచేసి మరీ ధరిస్తారు. ధరించినవాడికి ఆవేశం వస్తుందని పట్టుకోవడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు. ఆట అయ్యాక ముసుగు తీసి, సేదతీర్చి, మళ్ళీ వాణ్ణి మామూలు మనిషిని చేస్తారు. పల్లెటూరి ఆటగాళ్ళకు తెలిసిన ఈ జాగ్రత్త మన ఆఫీసులకు తెలియదు. ముసుగు తగిలించడానికి శిక్షణ తరగతులున్నాయి. తీయడానికి ఎవరూ లేరు. మేమే ముసుగుతో ఇంటికొచ్చి, అక్కడ పెరికి పారేసేవాళ్ళం. ఎదురుగా ఉన్నవాళ్ళకు తగిలేది.

నేను ఆలస్యంగానైనా కొన్ని నేర్చుకున్నాను. ముసలమ్మ వచ్చిపోయాక మిగిలిన ఆరేళ్ళ సర్వీసులో ఆచరించాను కనక చెబుతున్నాను. ఆఫీసునుంచి వచ్చాక పావుగంట నాతో ఎవరూ మాట్లాడకూడదని ఇంట్లో ఒప్పందం. కాళ్ళు కడుక్కుని పెరట్లో ఊరికే కూర్చునేదాన్ని. అది నా నేపథ్యం, వేషం విప్పుకునే చోటు. రెండోది, పాత డైరీ వెనక పేజీల్లో ఆనాడు మింగిన మాటలు తెలుగులో రాసుకోవడం. పెనీబేకర్ అనే ఆయన 1986లో విద్యార్థులచేత రోజుకు పావుగంట చొప్పున నాలుగురోజులు మనసులోని బాధలు రాయిస్తే, తరవాతి నెలల్లో వాళ్ళు వైద్యుడి దగ్గరికి వెళ్ళడం తగ్గిందట. నాకు ఆయన సంగతి అప్పటికి తెలియదు. తోచి రాశాను. మూడోది, కాదని చెప్పవలసినప్పుడు నవ్వడం మానేశాను. "నాకూ బాధగానే ఉంది" అని చెప్పేదాన్ని. దానికి ఎవరూ పాసుబుక్కు విసరలేదు.

నాలుగోది నేను చేసింది కాదు, దొరికింది. పక్క కౌంటరులో ఒక ఒడియా ఆవిడ ఉండేది. ఒకరోజు నేను పళ్ళు బిగించుకుని ఉంటే చెవిదగ్గరికి వచ్చి, "అపా, తెలుగులో తిట్టేసుకో. నాకు అర్థమవుతుంది, ఎవరికీ చెప్పను" అంది. ఇరవైయేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం, ఆమెకు తెలుగు వచ్చని నాకు తెలియదు! బరంపురంలో పుట్టినదానికి రాకుండా ఎలా ఉంటుంది? టిఫిను డబ్బా మూత నేనే బిగించుకున్నాను గాని, వాసన అందరికీ తెలుస్తూనే ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు కౌంటరుది కాదు.

అయితే, ఇవన్నీ మనిషి తనకు తాను చేసుకునే ఉపశమనాలే. మూడు కౌంటర్లు ఉండవలసినచోట ఒకటి పెట్టి, అందులో కూర్చున్నవాళ్ళకు చిరునవ్వు నేర్పితే సరిపోదు. అవమానం జరిగినప్పుడు పదినిమిషాలు లేచి వెళ్ళగలిగే వీలూ, పై అధికారికి తిరిగి చెప్పగలిగే ధైర్యమూ ఉద్యోగంలో భాగం కావాలి. ఆ మాట సర్వీసులో ఉండగా సంఘం సమావేశంలో అనవలసింది. అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా అమ్మాయి ఇప్పుడు బెంగుళూరులో ఒక కంపెనీలో, పగలూ రాత్రీ ఫోనులో ఎవరెవరి ఫిర్యాదులో విని సర్దిచెప్పే ఉద్యోగం చేస్తోంది. మొన్న ఫోను చేసింది. "ఎలా ఉన్నావే?" అంటే, "బాగానే ఉన్నానమ్మా, ఏం లేదు" అంది. మెత్తగా, మర్యాదగా, ఒక్క ముడత లేని గొంతు. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ గొంతు నాకు తెలుసు. ఆస్తిలాగ నానుంచే దానికి సంక్రమించింది.

"బ్యాంకులో వాళ్ళతో మాట్లాడినట్టు నాతో మాట్లాడకు తల్లీ" అన్నాను.

అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఫోను కట్ అయిందేమో అనుకున్నాను. తరవాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. నేనేమీ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గంటసేపు మాట్లాడింది, కోపంగా, అంతా తెలుగులోనే.